కరెంటు ఫైలు తనిఖీ
పాత మోటారుసైకిలుకు ఛార్జింగు అందకపోతే ఏం చూడాలి?

(మన సంఘం సభ్యుల, కుటుంబ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో డి.ఏ. బకాయిల గురించీ, వైద్య ఖర్చుల రీయింబర్స్‌మెంటు గురించీ మాట్లాడుకోవడం మామూలే. ఈసారి ప్రత్యేక సంచిక వేస్తున్నాం గనుక, ఎవరికి చేతనైన పని గురించి వారు నలుగురికీ పనికొచ్చేలా చెప్పాలని కార్యదర్శి గారు ఆజ్ఞాపించారు. నాకు చేతనైన పనులు రెండే రెండు. ఒకటి గుమాస్తాగిరి. 1973లో ఎల్.డి.సి.గా చేరి 2008లో రిటైరయ్యే దాకా చేసింది అదే. రెండోది నా బుల్లెట్ మోటారుసైకిలు. 1994లో సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. ఇప్పటికీ పాలకూ కూరగాయలకూ దాని మీదే వెళ్తున్నాను.

మన ఆఫీసుల్లో ‘కరెంటు’ అంటే టపాలో వచ్చిన కాగితం. నోటు ఫైలు వేరు, కరెంటు ఫైలు వేరు. ఈ రోజు నేను చెప్పబోయేది అసలు కరెంటు గురించి. అయితే తనిఖీ చేసే పద్ధతి మాత్రం మన ఆఫీసు పద్ధతే. అందుకే ఎలక్ట్రీషియన్లు కాని మనవాళ్ళకు కూడా ఇది అర్థమవుతుందని ధైర్యం చేస్తున్నాను.

ఈ గొడవ మనకెందుకు అని కొందరికి అనిపించవచ్చు. మనలో చాలామంది ఇళ్ళలో పాతికేళ్ళు, ముప్పై ఏళ్ళు దాటిన బుల్లెట్టో, యెజ్డీయో, రాజ్‌దూతో, చేతక్ స్కూటరో ఇంకా ఉంది. కొందరు నడుపుతున్నారు. కొందరు తండ్రి గుర్తుగా ఉంచుకున్నారు. పదిహేనేళ్ళు నిండిన బండికి అయిదేళ్ళకోసారి రిజిస్ట్రేషను పొడిగించుకోవాలి. ఆ తనిఖీలో లైట్లు, హారను పనిచేయాలి. దానికి మించి, మన వయసులో చీకటి పడ్డాక చూపు తగ్గుతుంది. లైటు మసకబారిన బండి మీద వెళ్ళడం నడిపేవాడికీ ప్రమాదం, ఎదురుగా వచ్చేవాడికీ ప్రమాదం. ఇక మూడోది డబ్బు. ఛార్జింగు సరిగా లేదనగానే బ్యాటరీ మార్చడం, అది ఆర్నెల్లకే చచ్చిపోతే ఇంకోటి కొనడం ఎన్నో ఇళ్ళలో చూశాను. శాంక్షను లేకుండా ఖర్చు పెడితే ఆడిట్ వాళ్ళు ఊరుకునేవారా? మరి సొంత డబ్బు దగ్గర మనకెందుకీ అలసత్వం?

ముందు ఈ ఏర్పాటు ఎలా పనిచేస్తుందో నాలుగు మాటల్లో చెబుతాను. అయస్కాంతం తీగచుట్ట దగ్గర కదిలితే ఆ తీగలో కరెంటు పుడుతుందని 1831లో మైకేల్ ఫారడే కనిపెట్టాడు. బుల్లెట్‌లో ఎడమవైపు, క్లచ్ ఉన్న పెట్టెలోనే, క్రాంక్ ఇరుసు చివర అయస్కాంతాలున్న రోటరు తిరుగుతుంది. దాని చుట్టూ కదలకుండా ఉన్న తీగచుట్టల చట్రం స్టేటరు. ఈ రెండూ కలిపి ఆల్టర్నేటరు. అందులో పుట్టేది అటూ ఇటూ ఊగే ఎ.సి. కరెంటు. బ్యాటరీకి కావలసింది ఒకే దిశలో పోయే డి.సి. ఆ మార్పు చేసేది రెక్టిఫయరు. ఇంజను ఎంత వేగంగా తిరిగినా వోల్టేజి హద్దు మీరకుండా చూసేది రెగ్యులేటరు. 12 వోల్టుల బండ్లలో సాధారణంగా ఈ రెండూ ఒకే డబ్బాలో ఉంటాయి. యెజ్డీ, జావా పాత బండ్లలో ఆల్టర్నేటరు బదులు కార్బను బ్రష్షులున్న డైనమో, 6 వోల్టుల బ్యాటరీ ఉంటాయి. పేర్లు మారినా సూత్రం ఒకటే.

దీన్ని మన భాషలో చెప్పుకుందాం. ఆల్టర్నేటరు ఆదాయం. రెగ్యులేటరు ట్రెజరీ అధికారి, రావలసిన దానికన్నా ఎక్కువా రానివ్వడు, తక్కువా రానివ్వడు. బ్యాటరీ చేతిలో నిల్వ. లైట్లు, హారను, ఇగ్నిషను కాయిలు ఖర్చు పద్దులు. నిల్వ తరిగిపోతోందంటే కారణాలు నాలుగే ఉంటాయి. ఆదాయం రావడం లేదు. లేదా వచ్చింది దారిలో జారిపోతోంది. లేదా ఖర్చు ఆదాయాన్ని మించింది. లేదా నిల్వ ఉంచే పెట్టెకే చిల్లు పడింది. ఈ నాలుగింటిలో ఏదో తేల్చకుండా పెట్టె మారిస్తే ఏం లాభం?

తనిఖీకి కావలసిన పనిముట్టు మల్టీమీటరు ఒక్కటే. నాలుగైదు వందల రూపాయల్లో వచ్చేది చాలు. నీళ్ళు పోసే రకం బ్యాటరీ అయితే హైడ్రోమీటరు కూడా ఉంటే మంచిది. ఒక నోటుపుస్తకం, పెన్సిలు తప్పనిసరి. కొలిచిన ప్రతి అంకె తేదీ వేసి రాసుకోవాలి. నోటి లెక్క లెక్క కాదని మీకు నేను చెప్పక్కర్లేదు.

జాగ్రత్తలు కూడా ముందే చెబుతాను. బ్యాటరీలో ఉండేది గంధకామ్లం. కంట్లో పడితే చూపు పోతుంది. ఛార్జింగు అయ్యేటప్పుడు దాన్నుంచి హైడ్రోజను వాయువు వస్తుంది గనుక దగ్గర్లో బీడీ, సిగరెట్టు, అగరొత్తి ఏదీ వద్దు. చేతి ఉంగరం, గడియారం తీసి పెట్టండి. ఇప్పుడు వాడుకలో ఉన్న బండ్లలో ఎక్కువ భాగం నెగెటివ్‌ను ఎర్తు చేసినవే. అటువంటి బండికి బ్యాటరీ విప్పేటప్పుడు ముందు నెగెటివ్ తీగ విప్పండి, బిగించేటప్పుడు చివర అదే బిగించండి. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ తీగ ఎప్పుడూ విప్పకండి. వోల్టేజి ఒక్కసారిగా పెరిగి బల్బులు, రెగ్యులేటరు మాడిపోవచ్చు. కొందరు మెకానిక్కులు ఛార్జింగు ఉందో లేదో చూడటానికి అలా చేస్తుంటారు. వద్దని చెప్పండి.

ఇక తనిఖీ క్రమం. మొదటిది పూర్వాపరాలు తెలుసుకోవడం. జబ్బు ఎప్పుడు మొదలైంది? దానికి ముందు బండికి ఏం పని చేయించారు? ఏ సామాను మార్చారు? దీని విలువ ఎంతో తర్వాత ఒక ఉదాహరణతో చెబుతాను.

రెండోది కళ్ళతో చూడటం. బ్యాటరీ టెర్మినళ్ళ మీద తెల్లటి, పచ్చటి పొడి పేరుకుందా? బోల్టులు వదులయ్యాయా? నీళ్ళు గీతల మధ్య ఉన్నాయా? తగ్గితే డిస్టిల్డ్ వాటరే పోయాలి, కుళాయి నీళ్ళూ ఆమ్లమూ పోయకూడదు. ఫ్యూజు దాని గూట్లో గట్టిగా కూర్చుందా? కనెక్టర్లలో ప్లాస్టిక్కు ఎక్కడైనా గోధుమరంగుకు తిరిగిందా, కరిగిందా? అలా తిరిగిన చోట వేడి పుట్టినట్టే. వేడి పుట్టిందంటే అక్కడ కరెంటు దారి ఇరుకైనట్టే.

మూడోది నిల్వ చూడటం. బండి ఆపి కొన్ని గంటలైన తర్వాత, తాళం తీయకుండా, బ్యాటరీ రెండు కొనల మధ్య డి.సి. వోల్టేజి కొలవాలి. 12 వోల్టుల బ్యాటరీలో ఆరు గదులు. పూర్తిగా నిండిన గది ఒక్కొక్కటీ 2.1 వోల్టులు ఇస్తుంది. ఆరు గదులూ కలిపి 12.6. అంతకు కాస్త పైనే ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పాతిక నిండినట్టు. 12.0 దగ్గరికి వచ్చిందంటే దాదాపు ఖాళీ. 6 వోల్టుల బండికి ఈ అంకెల్లో సగం. ఖాళీ బ్యాటరీతో మిగతా పరీక్షలు చేయకండి. ముందు బయట ఛార్జరు మీద పూర్తిగా నింపించండి. నింపిన బ్యాటరీ ఒక రాత్రి ఊరికే ఉంచితేనే 12 వోల్టులకు జారిపోయినా, ఒక బల్బు వెలిగించగానే వోల్టేజి కుప్పకూలినా లోపం బ్యాటరీదే. హైడ్రోమీటరుతో చూస్తే అయిదు గదులు బాగుండి ఒక గది మాత్రం బాగా తక్కువ చూపడం కూడా అటువంటి లక్షణమే.

నాలుగోది ఆదాయం చూడటం. బ్యాటరీ బాగుంది అనుకుందాం. ఇంజను స్టార్టు చేసి మీటరు బ్యాటరీ కొనల మీదే ఉంచండి. నిదానంగా తిరుగుతున్నప్పుడు ఎంత ఉందో రాయండి. కాస్త యాక్సిలరేటరు ఇచ్చి, రోడ్డు మీద మామూలుగా వెళ్ళే వేగానికి తెచ్చి మళ్ళీ రాయండి. 13.8 నుంచి 14.5 మధ్య వస్తే ఛార్జింగు ఆరోగ్యంగా ఉంది. ఎంత తిప్పినా 12.5 దాటకపోతే ఆదాయం చేరడం లేదు. 15 దాటి పోతుంటే అది మరీ చెడ్డది. బ్యాటరీలో నీళ్ళు వారం వారం తగ్గిపోతాయి, బల్బులు తరచూ పోతాయి. అటువంటప్పుడు రెగ్యులేటరును, దాని ఎర్తును అనుమానించాలి.

బుల్లెట్ ఉన్నవాళ్ళకు ఇంకో సౌకర్యం ఉంది. హెడ్‌లైటు తల మీద చిన్న అమ్మీటరు. అది మన క్యాష్ బుక్. తాళం తిప్పగానే పాయింట్లు మూసుకుని ఉంటే ముల్లు ఎడమకు, అంటే ఖర్చు వైపు వాలుతుంది. కిక్కు మెల్లగా నొక్కి పాయింట్లు విడిపోతే మధ్యకు వస్తుంది. బండి నడుస్తున్నప్పుడు కుడివైపుకు లేచి, బ్యాటరీ నిండుతున్న కొద్దీ మధ్యకు దగ్గరగా వచ్చి నిలబడుతుంది. ముల్లు మధ్యలో ఉంది గనుక ఛార్జింగు లేదని బెంగపడేవాళ్ళున్నారు. నిల్వ నిండాక జమ తగ్గడం సహజం. ప్రయాణమంతా ఎడమవైపే ఉంటే మాత్రం ఆలోచించాలి.

ఇంకో సంగతి. చాలా పాత బండ్లలో హెడ్‌లైటు బ్యాటరీ నుంచి కాకుండా నేరుగా ఆల్టర్నేటరు ఎ.సి. మీద వెలుగుతుంది. వాటిలో ఇంజను వేగంతో పాటు వెలుగు హెచ్చుతగ్గులు అవడం జబ్బు కాదు, పుట్టు లక్షణం. మీ బండి ఏ రకమో ముందు తెలుసుకోండి. ఇంజను ఆపి, తాళం వేసి ఉంచి హెడ్‌లైటు వేయండి. వెలిగితే బ్యాటరీ మీద, వెలగకపోతే ఎ.సి. మీద అని సాధారణంగా అనుకోవచ్చు.

అయిదోది దారిలో జారిపోయేది చూడటం. మెకానిక్కులు ఎక్కువగా వదిలేసే పరీక్ష ఇదే. ఇక్కడ ఒక ఇంటి సంగతి చెప్పాలి. వారి అనుమతితో, పేర్లు లేకుండా చెబుతున్నాను.

మా సెక్షన్‌లోనే పనిచేసిన ఒక మిత్రుడు కొన్నేళ్ళ క్రితం కాలం చేశాడు. ఆయన బుల్లెట్‌ను కొడుకు వాడుతున్నాడు. రాజమండ్రిలో ఇల్లు, కొవ్వూరులో ఉద్యోగం. రాత్రి తొమ్మిది దాటాక గోదావరి వంతెన మీదుగా ఇంటికి రావాలి. వంతెన మీదకు వచ్చేసరికి లైటు దీపం బుడ్డిలా అయిపోయేది. పొద్దున కిక్కు కొడితే బండి పలికేది కాదు. ఏడాదిలో రెండు బ్యాటరీలు, ఒక రెగ్యులేటరు మార్చారు. చివరికి ఆల్టర్నేటరు మొత్తం మార్చాలన్నారు. ఫ్యామిలీ పెన్షను మీద నడిచే ఇల్లు. ఆ తల్లి విసిగిపోయి, “బండి అమ్మేద్దాం అన్నయ్య గారూ, తూకానికైనా సరే. వీడు ఇంటికి చేరే దాకా గేటు దగ్గర నిలబడలేక చస్తున్నాను” అంది. పిల్లవాడు మాత్రం, “నాన్న బండి పెదనాన్న గారూ, ఎలా అమ్మమంటారు?” అన్నాడు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. అమ్మాలా వద్దా అన్నది వాళ్ళు తేల్చుకోవలసిన విషయం. జబ్బు ఏమిటో తెలియకుండా ఆ నిర్ణయం తీసుకోవద్దని మాత్రం చెప్పాను.

ఆవిడ గుమాస్తా భార్య. బిల్లులన్నీ ఒక కవరులో దాచింది. నేను వాటిని తేదీల వారీగా పేర్చాను. మొదటి బ్యాటరీ కొన్న బిల్లుకు రెండు నెలల ముందు ఇంకో బిల్లు ఉంది. బండి మొత్తం విప్పి ఛాసిస్‌కు కొత్త రంగు వేయించిన బిల్లు. తండ్రి పోయాక ఆయన బండి తళతళలాడాలని కొడుకు ముచ్చటపడి చేయించాడు. అంతకు ముందు ఛార్జింగు గొడవ లేదు.

బ్యాటరీని బయట నింపించి, మర్నాడు పొద్దున ఇంజను నడిపిస్తూ మూడు కొలతలు తీశాం. మూడూ ఇంజను ఒకే వేగంలో ఉన్నప్పుడే తీయాలి. రెగ్యులేటరు నుంచి బయటికి వచ్చే పాజిటివ్ తీగకూ దాని లోహపు ఒంటికీ మధ్య 14.2 వోల్టులు. బ్యాటరీ కొనల మధ్య 12.4. రెగ్యులేటరు ఒంటికీ బ్యాటరీ నెగెటివ్‌కూ మధ్య 1.8. ఇప్పుడు కూడండి. పన్నెండు పాయింట్ నాలుగు, ఒకటి పాయింట్ ఎనిమిది. మొత్తం పద్నాలుగు పాయింట్ రెండు. లెక్క పైసాతో సహా సరిపోయింది! అంటే ఆల్టర్నేటరు సంపాదిస్తోంది. రెగ్యులేటరు సరిగానే పంచుతోంది. ఎర్తు దారిలో 1.8 వోల్టులు పోతున్నాయి. ఆ చోట సున్నాకు దగ్గరగా, హెచ్చుగా చూసినా 0.2 వోల్టు మించకూడదు.

రెగ్యులేటరు విప్పి చూస్తే సంగతి తేటతెల్లమైంది. దాన్ని బిగించే చోట ఛాసిస్ మీద దళసరిగా రంగు. రంగు మీదే బోల్టు బిగించారు. ఆ బండిలో రెగ్యులేటరుకు ఒంటి ద్వారానే ఎర్తు. రంగు కరెంటును పోనివ్వదు. బోల్టు మరల దగ్గర గీచుకున్న కాస్త సందులోంచి ఎంత పోగలిగితే అంతే పోతోంది. రెగ్యులేటరు మాత్రం తన దగ్గర 14.2 ఉంది గనుక అంతా సవ్యంగా ఉందనుకుని ఇంక పెంచడం లేదు. కొత్త రెగ్యులేటరు తెచ్చి అదే రంగు మీద బిగించారు గనుక జబ్బు అలాగే ఉండిపోయింది. సగం నిండిన కడుపుతో బ్యాటరీ ఎన్నాళ్ళు బతుకుతుంది? ఎప్పుడూ పూర్తిగా నిండని బ్యాటరీ పలకల మీద సల్ఫేటు గట్టిపడి దాని శక్తి చచ్చిపోతుంది. రెండు బ్యాటరీలూ అలా పోయినవే.

గరుకు కాగితంతో ఆ చోట లోహం మెరిసేలా రుద్ది, రెగ్యులేటరు ఒంటి నుంచి బ్యాటరీ నెగెటివ్‌కు వేరే దళసరి తీగ ఒకటి వేసి, తుప్పు పట్టకుండా పైన కాస్త పెట్రోలియం జెల్లీ రాశాం. మళ్ళీ కొలిస్తే బ్యాటరీ కొనల మీద 14.0. ఖర్చు ఒక మూర తీగ, ఒక గరుకు కాగితం. ఆ తల్లి, “ఇంక నేను గేటు దగ్గర నిలబడక్కర్లేదా అన్నయ్య గారూ?” అని అడిగింది. “లైటుకు నాదీ పూచీ అమ్మా, వాడి వేగానికి మాత్రం నువ్వే గట్టిగా చెప్పుకోవాలి” అన్నాను. బండి ఇంకా వాళ్ళింట్లోనే ఉంది. మొన్నీమధ్యే రిజిస్ట్రేషను కూడా పొడిగించుకున్నారు.

కాబట్టి ఈ అయిదో పరీక్ష గుర్తుంచుకోండి. ఎర్తు వైపు ఒకసారి, పాజిటివ్ వైపు ఒకసారి, అంటే రెగ్యులేటరు పాజిటివ్ తీగకూ బ్యాటరీ పాజిటివ్‌కూ మధ్య కూడా కొలవాలి. అక్కడ ఎక్కువ పోతుంటే ఫ్యూజు గూడు, కనెక్టర్లు, తాళం స్విచ్చి, అమ్మీటరు వెనక బిగింపులు వరుసగా చూడాలి.

ఆరోది అసలు సంపాదనే లేదేమో చూడటం. రెగ్యులేటరు దగ్గర కూడా వోల్టేజి పెరగకపోతే ఈ పరీక్ష. ఇంజను ఆపి, స్టేటరు నుంచి వచ్చే తీగలను రెగ్యులేటరు నుంచి విడదీయండి. మీటరును ఓముల మీద పెట్టి స్టేటరు తీగల మధ్య కొలిస్తే చాలా తక్కువ, ఒకటి రెండు ఓముల లోపు రావాలి. అసలు రాకపోతే తీగ తెగింది. తర్వాత ఒక్కొక్క తీగకూ ఇంజను ఒంటికీ మధ్య కొలవండి. ఎర్తు లేని చుట్టలున్న బండిలో అక్కడ ఏమీ చూపకూడదు. చూపితే చుట్ట ఒరుసుకుని ఒంటికి తగులుతోంది. కొన్ని బండ్లలో ఒక కొనను కావాలనే ఎర్తు చేస్తారు గనుక మీ బండి వైరింగు పటం చూసి నిర్ణయించండి. ఆ తర్వాత తీగలు ఒకదానికొకటి తగలకుండా ఇంజను స్టార్టు చేసి, వాటి మధ్య ఎ.సి. వోల్టేజి కొలవండి. యాక్సిలరేటరు ఇచ్చే కొద్దీ అది సాఫీగా పెరగాలి. అలా పెరుగుతుంటే ఆల్టర్నేటరు మంచిదే, తప్పు రెగ్యులేటరుది. పెరగకపోతే ఆల్టర్నేటరుది.

బుల్లెట్‌లో స్టేటరు క్లచ్ పెట్టెలో నూనె ఆవిరిలో, వేడిలో ఉంటుంది. ఏళ్ళ తరబడి ఆ వేడికి తీగల మీది తొడుగు గట్టిపడి పగులుతుంది. పెట్టెలోంచి తీగలు బయటికి వచ్చే చోట చెయినుకు రాసుకునే ప్రమాదం కూడా ఉంది. మన సభ్యులొకరి బండికి సరిగ్గా అదే జరిగింది. మెకానిక్ స్టేటరు పోయిందన్నాడు, మేం కొలిస్తే మీటరూ అదే మాట అంది. అప్పుడు పెట్టె విప్పే పని అతనికే అప్పగించాం. రోటరు చుట్టూ సమానంగా సందు ఉంచి స్టేటరు బిగించడం అనుభవం మీద చేసే పని. మనం కొలవడానికే గాని మెకానిక్ పొట్ట కొట్టడానికి కాదు. మన దగ్గర అంకెలుంటే అతని పని కూడా తేలికవుతుంది.

యెజ్డీ, జావా ఉన్నవాళ్ళకు ఒక్క మాట. మైసూరులోని కంపెనీ 1996లో మూతపడినా ఆ బండ్లను ప్రాణంగా చూసుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు. డైనమో ఉన్న బండికి ముందు చూడవలసింది కార్బను బ్రష్షులు. అవి అరిగాయా, గూట్లో ఇరుక్కున్నాయా, కమ్యూటేటరు మీద మసి పేరుకుందా అని చూసి శుభ్రం చేస్తే సగం జబ్బులు అక్కడే తీరిపోతాయి.

ఏడోది చాటుమాటు ఖర్చు. బండి పడుకున్నప్పుడు కూడా కరెంటు ఎక్కడైనా కారిపోతోందేమో చూడాలి. తాళం తీసేసి, బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పి, ఆ తీగకూ బ్యాటరీకీ మధ్య మీటరును ఆంపియర్ల మీద పెట్టండి. పాత బండిలో గడియారాలూ అలారాలూ ఉండవు గనుక సున్నా రావాలి. ఏమైనా చూపితే రెగ్యులేటరు తీగ విడదీసి మళ్ళీ చూడండి. అప్పుడు సున్నా అయితే రెక్టిఫయరు లోపలి డయోడు వెనక్కి వదులుతోంది. కాకపోతే వైరింగులో ఎక్కడో తొడుగు ఒలిచిన తీగ ఉంది.

ఎనిమిదోది, చివరిది బడ్జెటు. వాట్లను వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు. 35 వాట్ల హెడ్‌లైటు 12 వోల్టుల మీద సుమారు 3 ఆంపియర్లు తింటుంది. దాన్ని తీసి 60 వాట్ల హాలోజెను పెడితే 5 ఆంపియర్లు. దానికి తోడు రెండు ఫాగ్ లైట్లు, కారు హారను. ఆల్టర్నేటరు మాత్రం పాతదే. జీతం పెరగకుండా అద్దె పెంచుకున్నట్టు కాదూ? 5 ఆంపియర్ అవర్ల చిన్న బ్యాటరీ మీద జమకన్నా 2 ఆంపియర్లు ఎక్కువ ఖర్చయితే లెక్క ప్రకారమే రెండున్నర గంటల్లో ఖాళీ. మన దేశంలో 2017 ఏప్రిల్ నుంచి తయారైన కొత్త ద్విచక్ర వాహనాలకు ఇంజను ఆన్ కాగానే హెడ్‌లైటు వెలగాలన్న నియమం ఉంది. ఆ బండ్లను దానికి తగ్గట్టే తయారు చేశారు. వాటిని చూసి పాత బండిలో పగలంతా లైటు వేసుకు తిరిగేముందు మీ బండి ఆదాయం ఎంతో చూసుకోండి. ఎల్.ఇ.డి. బల్బు వేస్తే ఖర్చు తగ్గుతుంది నిజమే గాని, హెడ్‌లైటు ఎ.సి. మీద నడిచే బండికి మామూలు డి.సి. ఎల్.ఇ.డి. పెడితే రెపరెపలాడుతుంది, త్వరగా పోతుంది కూడా.

పెద్దలారా, ఈ ఎనిమిది మెట్లూ ఒక కాగితం మీద రాసి బండి పెట్టెలో ఉంచుకోండి. పూర్వాపరాలు, కంటి చూపు, నిల్వ, ఆదాయం, దారిలో నష్టం, సంపాదన మూలం, చాటు ఖర్చు, బడ్జెటు. ఈ వరుస తప్పకండి. మొదటి నాలుగింటికి అరగంట కూడా పట్టదు. కళ్ళు సరిగా ఆనని వారు మనవడినో మనవరాలినో పక్కన కూర్చోబెట్టుకుని అంకెలు చదివించుకోండి. వాళ్ళకు ఫిజిక్సు పాఠం చెప్పినట్టూ ఉంటుంది, మనకు తోడూ ఉంటుంది.

మల్టీమీటరు సొంతంగా కొనుక్కోలేని వారి కోసం నా మీటరు, హైడ్రోమీటరు మన సంఘం ఆఫీసు బీరువాలో ఉంచుతున్నాను. రిజిస్టరులో సంతకం చేసి తీసుకెళ్ళి, పని అయ్యాక తిరిగి ఇవ్వగలరు. ఇచ్చేటప్పుడు మీరు కొలిచిన అంకెలు, తేలిన సంగతి అదే రిజిస్టరులో రెండు ముక్కలు రాస్తే తర్వాతి వారికి అదే పాఠ్యపుస్తకం అవుతుంది.